స్ప్రింగు పెట్టె మీద ఒక దెబ్బ

నేను డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఒక స్నేహితుడు క్యాసెట్ పెట్టి వినమన్నాడు. జమైకా సంగీతమట. డ్రమ్ము, బేసు గిటారు తాపీగా నడుస్తున్నాయి. గొంతు ఒక్క మాట పలికి మాయమైపోయింది. ఉన్నట్టుండి రేకుల షెడ్డు మీద పిడుగు పడ్డట్టు ఢమాల్మని చప్పుడు, దాని వెనకాలే జరజరా ఈడ్చుకుపోతున్న మోత. గదిలో వాళ్లంతా ఉలిక్కిపడ్డారు. నాకు మాత్రం అది చిన్నప్పటి నుంచీ తెలిసిన చప్పుడు. ఎవరో స్ప్రింగు పెట్టెను చేత్తో కొట్టారు.

మా నాన్నది తెనాలిలో మైకుసెట్టు షాపు, అందులోనే రేడియో రిపేరు. పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ, పౌరాణిక నాటకాలకీ మైకులు కట్టేవాడు. ఒకసారి ఆర్కెస్ట్రా పార్టీ వాళ్ల గిటారు యాంప్లిఫయరు మా బల్ల మీదికి వచ్చింది. దాని అడుగున మూరెడు లేని రేకు పెట్టె, అందులో సన్నటి స్ప్రింగులు రెండు. గిటారు ధ్వని ఆ స్ప్రింగుల్లో ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకి, తిరిగి వెనక్కి కొట్టుకుని, పెద్ద హాల్లో వాయించినట్టు గుంయ్‌మంటూ బయటికొస్తుంది. స్విచ్చి వేసి ఉండగా నా మోచెయ్యి తగిలింది. షాపంతా దద్దరిల్లింది. నాన్న తిట్టలేదు. "ఇంకోసారి కొట్టరా, ఎంతసేపు మోగుద్దో చూద్దాం" అన్నాడు.

హాస్టల్లో విన్న ఆ చప్పుడు చేసిన మనిషి కూడా రేడియో మెకానిక్కేనని తర్వాత తెలిసింది. ఆయన అసలు పేరు ఆస్బోర్న్ రడక్. లోకానికి తెలిసిన పేరు కింగ్ టబ్బీ. కంప్యూటర్ లేకుండా, రికార్డరూ మిక్సింగ్ బోర్డూ ఎకో యంత్రాలూ తప్ప వాయిద్యమంటూ చేత పట్టకుండా సంగీతం చేసినవాళ్ల చరిత్ర రాయాలంటే నేను ఆయన దగ్గరే మొదలుపెడతాను. ఆ చరిత్రను గాయకుల పేర్లతో, నిర్మాతల పేర్లతో చెప్పడం అలవాటు. నా దృష్టిలో అది మెకానిక్కుల చరిత్ర.

1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పేదవాళ్లకు గ్రామఫోను కొనే స్తోమత లేదు. సంగీతం వాళ్ల దగ్గరికి లారీల్లో వచ్చేది. పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలు, యాంప్లిఫయర్లు, రికార్డులు తెచ్చి ఖాళీ స్థలంలో దించేవారు. రాత్రంతా డ్యాన్సు. దీన్ని సౌండ్ సిస్టమ్ అనేవారు. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ అనే ఇద్దరు యజమానుల మధ్య పోటీ తీవ్రంగా ఉండేది. సన్నటి ధ్వనులు దూరం వినపడాలని చెట్లకు హారన్లు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆ సంగతి చదివినప్పుడు మా నాన్న చింతచెట్టెక్కి బాకాలు కడుతున్న దృశ్యం కళ్లముందు కదిలింది. మొదట్లో అమెరికా నుంచి వచ్చిన రికార్డులు వేసేవారు. ఆ తరహా పాటలు అమెరికాలో తగ్గిపోయాక, ఈ యజమానులే స్థానిక గాయకులతో పాటలు తీయించడం మొదలుపెట్టారు. 1962 ఆగస్టు 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి కింగ్‌స్టన్‌కు సొంత పాట ఉంది.

టబ్బీ 1941 జనవరి 28న ఆ ఊళ్లోనే పుట్టాడు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, వాటర్‌హౌస్ అనే పేదల పేటలో రేడియోలు బాగుచేసేవాడు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు. సౌండ్ సిస్టమ్ వాళ్లకు యాంప్లిఫయర్లు కట్టేవాడు. తర్వాత హోమ్‌టౌన్ హైఫై అని సొంత సెట్టు పెట్టాడు. మంద్రధ్వనికి కేటీ-88 వాల్వులున్న యాంప్లిఫయరు, తారధ్వనికి విడిగా ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు వాడేవాడు. బరువు మోసేది ఒకటి, సన్నపనికి ఇంకొకటి అన్నమాట. మైకు మీద మాట్లాడే యూ-రాయ్ గొంతుకు ఎకో జతచేశాడు. ఒక మాట అంటే అది నాలుగుసార్లు జనం మీదుగా దొర్లుకుంటూ పోయేది. మా వైపు నాటకాల్లో పద్యం చివరి రాగానికి ఎకో తగిలిస్తే జనం ఈలలు వేసేవారు. ఆ మోజు ఏ ఊరి వాళ్లదైనా ఒకటే.

1960ల చివర టబ్బీ, డ్యూక్ రీడ్‌కు చెందిన ట్రెజర్ ఐల్ స్టూడియోలో రికార్డులు కోసే పని చేశాడు. అల్యూమినియం పళ్లెం మీద లక్కలాంటి పూత ఉంటుంది. ఆ పూతలో సూదితో గాడి కోస్తే ఒకే ఒక్క ప్రతి తయారవుతుంది. మెత్తటి పూత కాబట్టి కొన్ని పదుల సార్లు వేసేసరికి అరిగిపోతుంది. దాన్ని డబ్ ప్లేట్ అంటారు. మనం సినిమా భాష మార్చడానికి వాడే డబ్బింగ్ అన్న మాటా, ఈ డబ్ అన్న మాటా ఒకే వేరు నుంచి వచ్చినవే: ఒకచోట ఉన్న ధ్వనిని ఇంకోచోటికి ఎక్కించడం.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు జరిగింది. స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే రడీ రెడ్‌వుడ్ ఒక డబ్ ప్లేట్ కోయించుకోవడానికి ట్రెజర్ ఐల్‌కు వచ్చాడు. పారగాన్స్ బృందం పాడిన 'ఆన్ ద బీచ్' పాట. ఇంజనీరు బైరన్ స్మిత్ గొంతున్న ట్రాకు కలపడం మరిచిపోయాడు. తప్పు చూసుకుని ఆపబోతే, రెడ్‌వుడ్ అలాగే కోయమన్నాడు. ఆ రాత్రి డ్యాన్సులో ముందు మామూలు పాట వేసి, వెంటనే గొంతు లేని ప్లేటు వేశాడు. జనమే పాట అందుకున్నారు. నిర్మాత బన్నీ లీ ఈ కథ చాలాసార్లు చెప్పేవాడు. కొద్ది కాలంలోనే రికార్డుకు ఒక పక్క పాట, రెండో పక్క గొంతు తీసేసిన 'వెర్షన్' వేయడం కింగ్‌స్టన్‌లో రివాజైంది. 1970లో యూ-రాయ్ అలాంటి పాత దరువుల మీద తన మాటలు కట్టి పాడిన రికార్డులు ఊరంతా మోగాయి.

దరువు అన్న మాట ఊరికే వాడలేదు. పాట తీసేస్తే మిగిలే డ్రమ్ము, బేసు నడకను జమైకా వాళ్లు 'రిడిమ్' అంటారు. మన వీధి భాగవతం వాళ్లకు, చిందు వాళ్లకు దరువు ఎలాంటిదో వాళ్లకు అది అలాంటిది. దరువు నిలబడి ఉంటే దాని మీద ఎవరైనా పాడొచ్చు.

1970ల మొదట్లో టబ్బీ వాటర్‌హౌస్‌లో, 18 డ్రొమిలీ ఎవెన్యూలోని ఇంట్లో ఒక చిన్న గది సర్దుకున్నాడు. బ్యాండు వాయించడానికి అక్కడ చోటు లేదు. పాటలన్నీ రాండీస్, చానల్ వన్ లాంటి స్టూడియోల్లో రికార్డయ్యేవి. నిర్మాతలు టేపు చంకలో పెట్టుకుని టబ్బీ దగ్గరికి వచ్చేవారు. డైనమిక్ సౌండ్స్ అనే పెద్ద స్టూడియో 16 ట్రాకులకు మారినప్పుడు, వాళ్లకు పనికిరాకుండా పోయిన ఎంసీఐ మిక్సింగ్ బోర్డును బన్నీ లీ సాయంతో టబ్బీ కొన్నాడు. పెద్దవాళ్లు పాతదని వదిలించుకున్న ఆ బోర్డు ఆయన వాయిద్యమైంది.

ఆ గదికి వచ్చే నాలుగు ట్రాకుల టేపంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఒకే టేపు మీద నాలుగు సమాంతర దారులు. ఒకదానిలో డ్రమ్ములు, రెండోదానిలో బేసు, మూడోదానిలో గిటారు, పియానో, బూరలు కలిపి, నాలుగోదానిలో గొంతు. బోర్డు మీద ఒక్కోదానికి ఒక్కో జారుడు మీట. పైకి తోస్తే వినిపిస్తుంది, కిందికి లాగితే మాయమవుతుంది. మామూలుగా ఇంజనీర్లు ఆ మీటల్ని సరైన చోట నిలబెట్టి చెయ్యి తీసేసేవారు. టబ్బీ చెయ్యి తీయలేదు. పాట నడుస్తున్నంతసేపూ మీటలు ఆడుతూనే ఉండేవి. గొంతు ఒక మాట అనగానే కోసెయ్యడం, గిటారు ఒక్క దెబ్బ వినిపించి మాయం చెయ్యడం, అన్నీ తీసేసి బేసును ఒంటరిగా నడిపించడం. అదంతా ఒక్క ఊపులో, పాట నిడివిలోనే జరిగిపోవాలి. బాగా రాకపోతే టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి. రెండోసారి చేసింది మొదటిదానిలా ఎప్పటికీ ఉండదు. అందుకే ఒకే టేపు నుంచి ఆయన చేసిన వెర్షన్లు దేనికదే కొత్తగా ఉంటాయి.

ఆ బోర్డు మీద ఒక పెద్ద గుండ్రటి నాబు ఉండేది. అది హైపాస్ ఫిల్టరు. తిప్పుతుంటే మెట్టుమెట్టుగా బరువైన ధ్వనులు రాలిపోతాయి: 70 హెర్ట్జుల దగ్గర మొదలై 7500 దాకా. చివరి మెట్టుకొచ్చేసరికి డ్రమ్ములో చర్మం దెబ్బ పోయి, తాళాల చిరుసవ్వడి ఒక్కటే మిగులుతుంది. స్టూడియోల్లో ఆ ఫిల్టరును బొయ్యిమనే మోత తీసెయ్యడానికి ఒకచోట పెట్టి వదిలేస్తారు. టబ్బీ పాట మధ్యలో దాన్ని తిప్పాడు. మెట్లు మారుతున్నప్పుడు వచ్చే ఆ చివుక్కు చివుక్కు కూడా సంగీతమైపోయింది. పరికరం దేనికోసం తయారైందో దానికే వాడాలన్న నియమం బాగుచేసేవాడికి ఉండదు. లోపల ఏముందో చూసినవాడికి అది ఇంకేం చెయ్యగలదో తెలుస్తుంది.

ఎకో సంగతి నేను మా బల్ల మీదే నేర్చుకున్నాను. స్పూల్ టేపు రికార్డరులో టేపు మూడు హెడ్ల ముందు నుంచి సాగిపోతుంది. మొదటిది పాతది చెరిపేస్తుంది, రెండోది కొత్తది రాస్తుంది, మూడోది రాసింది చదువుతుంది. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడుస్తోందనుకోండి. రాసే హెడ్డుకూ చదివే హెడ్డుకూ మధ్య 5 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఇప్పుడన్న మాట సుమారు సెకనులో నాలుగో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. వేగం రెట్టింపు చేస్తే ఆలస్యం సగమవుతుంది. చదివిన దాన్ని కొంచెం తగ్గించి మళ్లీ రాసే హెడ్డుకు పంపితే, మాట వెనక మాట, దాని వెనక ఇంకో మాట, మెల్లగా సన్నగిల్లుతూ పోతాయి. తగ్గించకుండా పంపితే మైకు కూసినట్టు కూత మొదలై పెరిగిపోతుంది. ఆ కూతకు ఒక్క వెంట్రుకవాసి ఇవతల నాబును పట్టుకోగలగడమే నేర్పు. అది వేళ్లకే తెలుస్తుంది. టబ్బీ పాత రెండు ట్రాకుల రికార్డరు హెడ్ల మీదుగా టేపు ముక్కను చుట్టలా అంటించి తిప్పుతూ ఈ ఎకో తయారుచేసుకున్నాడు. మరీ కావాలంటే స్ప్రింగు పెట్టె ఉండనే ఉంది. దాన్ని కొడితే పిడుగు.

ఈ పనితనమంతా ఒక్కచోట వినాలంటే 'కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' వినండి. అగస్టస్ పాబ్లో నిర్మాత. జేకబ్ మిల్లర్ పాడిన ఒక ప్రేమపాటకు అది డబ్. అదే పేరుతో ఆల్బమ్ 1976లో వచ్చింది. మిల్లర్ గొంతు వాక్యం పూర్తిచేయకుండానే తెగి, ఎకోలో పడి దూరమైపోతుంది. పాబ్లో మెలోడికా, అంటే నోటితో ఊదుతూ మీటలు నొక్కే చిన్న వాయిద్యం, తలుపు సందులోంచి వినపడ్డట్టు వచ్చి పోతుంది. బేసు మాత్రం కదలదు. ప్రియురాలితో చెప్పుకున్న మాటల్లో సగం చెరిగిపోయాక మిగిలిన సగంలో బాధ ఎక్కువైంది. మూల గాయకుడి పాటకు కొత్త మాటేదీ చేర్చకుండా, ఉన్నదాన్ని తీసేసి ఇంత చెప్పడం నేను ఇంకెక్కడా వినలేదు.

దీని వెనక డబ్బు లెక్కా ఉంది. టేపు ఖరీదు, స్టూడియో గంటలు ఖరీదు, వాయిద్యగాళ్లకు రోజుకూలి ఇవ్వాలి. ఒక్కసారి రికార్డు చేసిన దరువు మీద పది పాటలు, పది వెర్షన్లు తీయగలిగితే నిర్మాతకు గిట్టుబాటు. రెండో పక్క కోసం మళ్లీ బ్యాండును పిలిచే పని లేదు. అయితే ఆ వాయిద్యగాళ్లకు పది వెర్షన్లకూ ఒక్కసారి ఇచ్చిన కూలే మిగిలింది. డబ్‌ను ఎంత ప్రేమించినా ఈ మాట దాచకూడదు.

టబ్బీ గదిలో పనివాళ్లు పెరిగారు. అదే పేటకు చెందిన లాయిడ్ జేమ్స్, అంటే ప్రిన్స్ జామీ, యాంప్లిఫయర్లు కట్టడం తెలిసినవాడు. హోప్‌టన్ బ్రౌన్ తన సెట్టుకు ట్రాన్స్‌ఫార్మర్లు కావాలని కుర్రతనంలో టబ్బీ దగ్గరికి వచ్చినవాడు. తర్వాత సైంటిస్ట్ అన్న పేరుతో ప్రపంచానికంతా తెలిశాడు. ఎవరి కథ చూసినా సాల్డరింగ్ కడ్డీ దగ్గరే మొదలవుతుంది.

1985లో ఆ జామీయే ఈ కాలానికి తెరదించాడు. క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే నింపిపెట్టిన ఒక తాళాన్ని నెమ్మదింపజేసి, దాని మీద వేన్ స్మిత్ చేత 'అండర్ మీ స్లెంగ్ టెంగ్' పాడించాడు. డ్రమ్మరు లేడు, బేసు గిటారు లేదు. ఊరు ఊరంతా ఆ వైపు తిరిగింది. టబ్బీ కూడా కొత్త స్టూడియో కట్టుకుని, ఫైర్‌హౌస్ లేబుల్ మీద ఆ తరహా రికార్డులు తెచ్చాడు. 1989 ఫిబ్రవరి 6న ఆయన ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు. వయసు 48. చంపిందెవరో తేలలేదు.

ఈలోగా టబ్బీ గదిలోని నాలుగు ట్రాకుల రికార్డరునూ బోర్డునూ బల్ల మీద పట్టే పెట్టెలోకి కుదించారు జపాన్ వాళ్లు. 1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో 144 తెచ్చింది. మామూలు క్యాసెట్టే. మనం రెండు పక్కలకూ తిప్పి వినే టేపు మీద నాలుగు ట్రాకులూ ఒకే వైపు నడుస్తాయి. వేగం రెట్టింపు. పక్కనే చిన్న మిక్సరు. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో ఇంట్లో కూర్చుని ఆ యంత్రంలో నమూనాకని పాటలు రికార్డు చేసుకున్నాడు. బ్యాండుతో స్టూడియోలో మళ్లీ తీసినవి ఆయనకు నచ్చలేదు. ఆ క్యాసెట్ ధ్వనే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా అదే ఏడు వెలువడింది.

నా దగ్గర అలాంటి నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు ఒకటుంది. హైదరాబాద్ కోఠిలో పాత సామాను మధ్య దొరికింది. బెల్టులు సాగిపోయి, హెడ్డు మీద గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. బెల్టులు మార్చి, దూదికి స్పిరిటు అద్ది హెడ్డు తుడిచాను. నాన్న నేర్పిన పద్ధతి: దూది మీద మరక రాకుండా అయ్యేదాకా రుద్దడం ఆపకూడదు.

దానిలో మా మేనమామ చేత ఒక నాటక పద్యం పాడించాను. గొంతు ఒక ట్రాకు, హార్మోనియం ఒకటి, తబలా ఒకటి. నాలుగోది ఎకో కోసం ఖాళీగా ఉంచాను. కలిపేటప్పుడు టబ్బీని తలుచుకుని, రాగం మధ్యలో హార్మోనియం మీటను కిందికి లాగాను. అంతకుముందు ఎన్నడూ వినని సంగతి వినపడింది: డెబ్భై ఏళ్ల మనిషి తర్వాతి ఆలాపన కోసం ఊపిరి తీసుకోవడం. ఆయన పద్యాలు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. హార్మోనియం ఆ ఊపిరిని కప్పేస్తూ వచ్చింది. ఆ ఊపిరి దగ్గరే ఎకో నాబు తిప్పాను. మావయ్య విని, "ఒరేయ్, నేను ఇంత ఆయాసపడతానా" అని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అది తీసెయ్యొద్దని తనే అన్నాడు.

కంప్యూటర్లోనూ ఇది చెయ్యొచ్చు. నేనూ చేస్తాను. ఆ పాత ఎకో యంత్రాల నకళ్లు అందులో ఉన్నాయి. కానీ అక్కడ చేసిన ప్రతిదాన్నీ వెనక్కి తీసుకోవచ్చు గనుక నిర్ణయం రేపటికి వాయిదా పడుతుంది. మూడు నిమిషాల్లో మీట లాగాలా వద్దా తేల్చుకోవలసి వచ్చినప్పుడు చెవి వినే తీరే వేరు. టబ్బీ సంగీతంలో నాకు వినిపించేది ఆ తేల్చుకోవడమే.

ఒక అపరాధం చెప్పి ముగిస్తాను. మా నాన్న మైకు కట్టిన నాటకాలను కొన్నిటిని స్పూల్ టేపులో రికార్డు చేసుకునేవాడు. ఎవరూ అడగకపోయినా చేసేవాడు, మైకు ఎలా పలుకుతుందో తెల్లారి వినడానికి. ఆయన పోయాక షాపు ఖాళీ చేసేటప్పుడు ఆ స్పూళ్లు, పాత రికార్డరు, స్ప్రింగు పెట్టె అన్నీ తూకానికి వేసేశాం. వేసింది నేనే. ఆ టేపుల్లో ఎవరి గొంతులు ఉన్నాయో ఇక చెప్పేవాళ్లు లేరు. కింగ్‌స్టన్‌లో ఒక మెకానిక్కు చేసిన టేపుల్ని లోకమంతా వెతికి వెతికి మళ్లీ ముద్రిస్తున్న ఈ రోజుల్లో, నా చేతులతో నేను చేసిన పని అది.

మీ ఊళ్లో మూతబడ్డ మైకుసెట్టు షాపు ఉండే ఉంటుంది. అటక మీద స్పూళ్లో, క్యాసెట్లో ఉంటే తూకానికి వెయ్యకండి. తేమ తగలని చోట అంచు మీద నిలబెట్టి ఉంచండి. టేపు నడపగల రికార్డరు ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి కాపీ చేయించండి. పెట్టె మీద పాడినవాళ్ల పేరు రాయండి. దాని కింద ఆ రాత్రి మైకు కట్టినవాడి పేరు కూడా రాయండి.